కెనడాలో మొదటి ఏడాది: మీతో వచ్చే మనిషి గురించి ముందు ఆలోచించండి

మీరు అడిగినవి మూడు: టొరంటో చలి తట్టుకోగలమా, చేతిలో ఎంత డబ్బు ఉండాలి, నాలుగేళ్ల పాప బడికి ఏం చేయాలి. మీ ముగ్గురికీ పీఆర్ (కెనడాలో శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చిందనీ, మీరు ఐటీలో ఉన్నారనీ, మీ భార్య హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి మీతో వస్తున్నారనీ, "తను కొన్నాళ్లు పాపను చూసుకుంటుంది, తర్వాత చూద్దాం" అనుకుంటున్నారనీ రాశారు. ఏమనుకోకండి, నా సమాధానం ఎక్కువగా ఆ చివరి మాట గురించే. మిగతావి కూడా చెప్తాను.

నేనూ మా వారి వెంట వచ్చినదాన్నే. మాది వరంగల్. కాకతీయ యూనివర్సిటీలో ఫార్మసీ చదివి హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేశాను. 2017లో మా వారి దరఖాస్తు మీద ముగ్గురికీ పీఆర్ వచ్చి టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో దిగాం, అప్పటికి బాబుకు మూడేళ్లు. ఇప్పుడు ఇక్కడ లైసెన్స్ ఉన్న ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఈ మధ్యలో మా చుట్టుపక్కల దిగిన తెలుగు కుటుంబాలను దగ్గరగా చూశాను. దరఖాస్తు ఎవరి పేరు మీద వచ్చిందో ఆ మనిషికి ఆలస్యంగానైనా ఏదో ఒక దారి దొరుకుతుంది, ఎందుకంటే ఇంట్లో అందరి ధ్యాసా దాని మీదే ఉంటుంది. వెంట వచ్చిన మనిషి చదువు గురించి అడిగేవాళ్లు ఉండరు. ఏడాది రెండేళ్లవుతుంది, రెండు నాలుగవుతాయి, ఆ తర్వాత తనకే "ఇప్పుడు నాకెవరిస్తారు" అనిపించడం మొదలవుతుంది. ఎమ్మెస్సీలు చేసిన వాళ్లు, పదేళ్లు పాఠాలు చెప్పిన టీచర్లు ఇలా ఇంట్లో ఉండిపోవడం చూస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అమెరికాలో ఉద్యోగానికి వెళ్లిన భర్త వెంట హెచ్4 వీసా మీద వెళ్లిన మన అమ్మాయిల కష్టాలు మీరు వినే ఉంటారు, 2015 దాకా వాళ్లకు పనిచేసే హక్కే లేదు, ఆ తర్వాత కూడా కొందరికే వచ్చింది. కెనడా పీఆర్ అలా కాదు. విమానం దిగిన రోజు నుంచి మీకెంత హక్కు ఉందో ఆవిడకూ అంతే ఉంది, ఎక్కడైనా పనిచేయొచ్చు, చదువుకోవచ్చు. చట్టం ఎక్కడా ఆపదు. ఆపేవి వేరే: ఇంట్లో ఒక్కటే కారు, ఒక్కరికే లైసెన్స్, బడి మూడు మూడున్నరకే అయిపోవడం, బస్సు రాని చోట ఇల్లు తీసుకోవడం. ఇవన్నీ మొదటి రెండు మూడు నెలల్లో హడావిడిగా తీసుకునే నిర్ణయాలే, అందుకే ఇప్పుడే మాట్లాడుకోమంటున్నాను.

మధ్యాహ్నాల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. ఇండియా టైము ఇక్కడికంటే ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు ముందుంటుంది. అంటే ఇక్కడ పన్నెండు దాటేసరికి అక్కడ అమ్మా నాన్నా పడుకుంటారు, మళ్లీ వాళ్లతో మాట్లాడాలంటే రాత్రి ఎనిమిదో తొమ్మిదో కావాలి. మీరు ఆఫీసులో ఉంటారు, పాప బడిలో ఉంటుంది, బేస్‌మెంట్ ఇల్లయితే కిటికీలు చిన్నవి, డిసెంబర్‌లో ఐదు కాకుండానే పొద్దుగూకుతుంది. ఆ గంటల్లో ఫోన్ చేయడానికి కూడా ఎవరూ ఉండరు. సాయంత్రం మీరు ఇంటికొచ్చేసరికి ఆవిడ చిరాగ్గా ఉంటే చిన్న విషయానికి కోపమని అనుకోవద్దు, రోజంతా పెద్దవాళ్లతో ఒక్క మాట మాట్లాడని మనిషి అలాగే ఉంటుంది. మా ఇంట్లో మా వారు ఇది త్వరగా గమనించారు. శనివారం పొద్దున బాబును ఆయన చూసుకునేవారు, నేను లైబ్రరీకి వెళ్లి చదువుకునేదాన్ని. మొదట్లో నన్ను నిలబెట్టింది అదే.

ఇక పనికొచ్చే విషయాలు. ఆవిడ చదువుకు సంబంధించిన కాగితాల పని ఇండియాలో ఉండగానే మొదలుపెట్టండి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (పీఆర్ దరఖాస్తు పద్ధతి) కోసం చేయించిన డిగ్రీ మూల్యాంకనం ఇమిగ్రేషన్ వరకే. ఫార్మసిస్టు, నర్సు, టీచర్, డాక్టర్, ఇంజనీర్ లాంటి వృత్తులకు ఇక్కడ విడిగా లైసెన్స్ కావాలి, ఆ లైసెన్స్ ఇచ్చే సంస్థలు మార్కుల ట్రాన్‌స్క్రిప్టులు యూనివర్సిటీ నుంచే నేరుగా రావాలంటాయి. నా విషయంలో ముందు జాతీయ స్థాయిలో పేరు నమోదు, తర్వాత పీఈబీసీ అనే ఫార్మసీ పరీక్షల బోర్డు చేసే సర్టిఫికెట్ల పరిశీలన, ఆ తర్వాత ఒక మూల్యాంకన పరీక్ష, దాని మీద రెండు భాగాల అర్హత పరీక్ష, చివరికి ఒంటారియోకు (టొరంటో ఉన్న రాష్ట్రం) సంబంధించిన చట్టం పరీక్ష, ప్రాక్టికల్ శిక్షణ. నేను రాకముందే వరంగల్‌లో యూనివర్సిటీ ఆఫీసు చుట్టూ తిరిగి సీలు వేసిన కవర్లు పంపించాను. నా తర్వాత వచ్చిన ఒకావిడ అదే పని ఇక్కడి నుంచి చేయించాలని చూస్తే వాళ్ల తమ్ముడు సెలవులు పెట్టి తిరగాల్సి వచ్చింది, నెలలు పట్టింది. మీ భార్య ఇంజనీరింగ్ వైపు అయితే ఒక మంచి మార్పు వచ్చింది, 2023లో ఒంటారియో ఇంజనీర్ల లైసెన్సింగ్ సంస్థ కెనడాలోనే పనిచేసి ఉండాలన్న షరతు తీసేసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు ఈ గొడవ లేదు.

పరీక్షలు అయ్యేదాకా ఖాళీగా ఉండక్కర్లేదు. నేను ఒక మందుల షాపులో అసిస్టెంటుగా చేరాను, దానికి లైసెన్స్ అక్కర్లేదు. జీతం తక్కువే, కానీ ఇక్కడి మందుల బ్రాండ్ పేర్లు, ఇన్సూరెన్స్ బిల్లులు, కౌంటర్ దగ్గర మనుషులు మాట్లాడే తీరు అన్నీ అక్కడే వచ్చాయి. తమ వృత్తికి పక్కనే ఉన్న చిన్న పని, సంబంధం లేని పెద్ద జీతం కంటే మేలని నా గట్టి అభిప్రాయం. ఇది మీకు కూడా వర్తిస్తుంది. వచ్చిన కొత్తలో చాలామంది బ్రాంప్టన్, మిస్సిసాగా వేర్‌హౌసుల్లో రాత్రి షిఫ్టులకు వెళ్తారు, మా వారూ కొన్ని నెలలు వెళ్లారు. అందులో తప్పేమీ లేదు, అద్దె కట్టాలి కదా. అయితే రాత్రంతా బాక్సులు మోసి పగలు ఇంటర్వ్యూలకు తయారవడం చాలా కష్టం, అందుకని వారానికి అన్ని రోజులూ ఒప్పుకోకుండా ఉద్యోగాల వేటకు రెండు రోజులు ఉంచుకోండి. "కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా" అనే ప్రశ్న మా వారిని చాలా విసిగించింది, ఒక కంపెనీ మూడో రౌండ్ దాకా తీసుకెళ్లి అదే కారణం చెప్పి ఆపేసింది. ఉద్యోగ ప్రకటనల్లో అలా అడగకూడదని ఇప్పుడు ఒంటారియోలో చట్టం ఉంది, 2026 జనవరి 1 నుంచి అమలు.

ఆవిడ పేరు మీద ఏమేం ఉండాలో ఒక కాగితం మీద రాసుకోండి. ఇక్కడ పనిచేయడానికి కావాల్సిన సిన్ నంబర్ ఇద్దరికీ ఎలాగూ తీసుకుంటారు. బ్యాంకులో జాయింట్ ఖాతాతో ఆగిపోవద్దు, ఆవిడకు సొంత ఖాతా, సొంత క్రెడిట్ కార్డు ఉండాలి. ఇక్కడ క్రెడిట్ స్కోరు మనిషికి విడిగా కడతారు, మీ కార్డు మీద అదనపు కార్డు ఇప్పిస్తే ఆవిడ స్కోరు సరిగా పెరగదు. రేపు కారు లోనుకు, ఇంటి లోనుకు అదే అడుగుతారు. పిల్లల కోసం ప్రభుత్వం నెలనెలా ఇచ్చే కెనడా చైల్డ్ బెనిఫిట్ కూడా మామూలుగా తల్లి పేరు మీదే ఇస్తారు, వచ్చిన వెంటనే దరఖాస్తు పెట్టండి. అది ఆగకుండా రావాలంటే ఆదాయం ఉన్నా లేకపోయినా ఇద్దరూ ఏటా ఏప్రిల్ 30లోగా ట్యాక్స్ రిటర్న్ వేయాలి. "నాకు జీతమే లేదు, రిటర్న్ ఎందుకు" అని ఆగిపోయి డబ్బు ఆగిన వాళ్లు నాకు తెలుసు.

డ్రైవింగ్ కూడా ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టాలి. మొదటి మెట్టు అయిన జీ1 రాత పరీక్ష కష్టం కాదు. ఇండియాలో నడిపిన అనుభవానికి ఆర్టీఏ నుంచి రుజువు పత్రం తెచ్చుకుంటే ఇక్కడ రోడ్డు టెస్టు కోసం ఎదురుచూసే కాలం తగ్గుతుంది, మీ ఒక్కరికే కాదు, ఆవిడకు లైసెన్స్ ఉంటే ఆవిడకు కూడా తెచ్చుకోండి. ఇల్లు చూసేటప్పుడు మీ ఆఫీసు ఎంత దూరం అని కాక, ఇంటి దగ్గర బస్సు ఎంతసేపటికొకటి వస్తుంది, లైబ్రరీకి నడిచి వెళ్లొచ్చా అని చూడండి. ప్రెస్టో కార్డు ఒక్కటి ఉంటే మిస్సిసాగా, బ్రాంప్టన్, టొరంటో బస్సులన్నీ ఎక్కొచ్చు, 2024 ఫిబ్రవరి నుంచి ఒక ఊరి బస్సు దిగి టొరంటో బస్సో మెట్రోనో ఎక్కితే మళ్లీ టికెట్ కొనక్కర్లేదు. పీఆర్ ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో ఉచిత ఇంగ్లీషు తరగతులు ఉంటాయి, లింక్ అంటారు, కొన్ని చోట్ల తరగతి జరిగేంతసేపూ పిల్లల్ని కూడా చూసుకుంటారు. మనవాళ్లు "నాకు ఇంగ్లీషు వచ్చు కదా" అని వెళ్లరు. వచ్చినా వెళ్లమంటాను, అక్కడ ఇరానీ, ఉక్రెయిన్, ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు సరిగ్గా ఇదే దశలో ఉంటారు, మా బ్యాచ్‌లోని ఒక సిరియా అమ్మాయి ఇప్పటికీ నాకు బాగా దగ్గర.

తెలుగువాళ్లు దొరకరేమో అన్న బెంగ అక్కర్లేదు. గోంగూర ఫ్రీజర్‌లో దొరుకుతుంది, కరివేపాకు కాస్త ఖరీదు. బతుకమ్మకు తంగేడు పూలు దొరకవు కాబట్టి చేమంతులతో పేరుస్తాం. నాకు పీఈబీసీ పాత పుస్తకాలు ఇచ్చిన అక్క అలాంటి ఒక బతుకమ్మ ఆటలోనే కలిసింది. మన వాళ్ల గ్రూపుల్లో ఉండండి, కానీ ఇళ్లు ఎవరు కొన్నారు, ఎవరికి ఎంత జీతం అనే మాటలు మొదటి ఏడాది వినకపోవడమే ఆరోగ్యానికి మంచిది.

పాప బడి సులువు. నాలుగేళ్లు నిండే సంవత్సరం సెప్టెంబర్ నుంచి జూనియర్ కిండర్‌గార్టెన్‌లో చేరొచ్చు, రోజంతా ఉంటుంది, ఫీజు లేదు, మీ ఇంటి అడ్రసును బట్టి బడి ఏదో నిర్ణయమవుతుంది. టీకాల కార్డు మర్చిపోకుండా తెచ్చుకోండి. బడి అయ్యాక పిల్లల్ని ఉంచుకునే కేంద్రాల్లో చోటు కోసం పెద్ద క్యూ ఉంటుంది, ఇల్లు కుదరగానే పేరు రాయించండి, ఆవిడకు ఉద్యోగం వచ్చాక రాయిద్దామంటే ఆ ఉద్యోగంలో చేరడమే కుదరదు.

చలి గురించి మీరు భయపడుతున్నంత అక్కర్లేదు. మైనస్ 20 దాకా వెళ్లే రోజులు వస్తాయి, కానీ ఇళ్లు, బస్సులు, షాపులు అన్నీ వెచ్చగా ఉంటాయి. జాకెట్లు హైదరాబాద్‌లో కొనొద్దు, ఇక్కడి చలికి సరిపోవు. బూట్ల దగ్గర మాత్రం డబ్బు చూసుకోవద్దు, కంటికి కనపడని పల్చటి మంచు పొర మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్న వాళ్లున్నారు.

డబ్బు సంగతికొస్తే, ఇమిగ్రేషన్‌కు చూపించిన మొత్తం కనీసం మాత్రమే, ఆరు నెలలు జీతం లేకుండా గడిచేలా లెక్క వేసుకోండి. చట్టం ప్రకారం మొదటి నెల, చివరి నెల అద్దెకు మించి అడ్వాన్సు అడగకూడదు, కొత్తవాళ్లని చూసి ఆరు నెలలు కట్టమనే ఓనర్లు ఉంటారు, వేరే ఇల్లు చూసుకోండి. చాలా వస్తువులకు షాపులో రాసిన ధర మీద బిల్లు దగ్గర 13 శాతం పన్ను కలుస్తుంది. బంగారం మొదటిసారి దిగేటప్పుడే ఫొటోలతో జాబితా రాసి కస్టమ్స్‌లో ఇవ్వండి, తర్వాత తెచ్చుకోబోయేది కూడా అందులో రాయండి. పది వేల డాలర్లు, అంతకంటే ఎక్కువ తెస్తుంటే తప్పకుండా చెప్పాలి.

ప్రభుత్వ వైద్యానికి కావాల్సిన హెల్త్ కార్డుకు మేము వచ్చినప్పుడు మూడు నెలలు ఆగాల్సి వచ్చేది, 2020లో అది తీసేశారు. ఫ్యామిలీ డాక్టర్ దొరకడం మాత్రం నిజంగా కష్టం, దొరికేదాకా వాక్-ఇన్ క్లినిక్‌లే. వాడుతున్న మందులుంటే వాటి జెనరిక్ పేర్లతో చీటీ తెచ్చుకోండి, ఇండియా బ్రాండ్ పేరు ఇక్కడ కౌంటర్‌లో ఎవరికీ తెలియదు, రోజూ నా దగ్గరకు ఇలా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు.

అమ్మానాన్నల్ని సూపర్ వీసా మీద పిలిపించుకోవచ్చు, ఒకసారి వస్తే ఐదేళ్ల దాకా ఉండొచ్చు, లక్ష డాలర్ల మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. పిలిస్తే మే నెలలో పిలవండి, నవంబర్‌లో తీసుకొచ్చి బేస్‌మెంట్‌లో కూర్చోబెట్టొద్దు.

మీ భార్య ఏం చదివారో, ఏ ఉద్యోగం చేస్తున్నారో మీ ప్రశ్నలో లేదు. అది రాయండి, వీలైతే ఆవిడనే రాయమనండి. ఫార్మసీ, నర్సింగ్ వైపు అయితే ఇండియాలోనే ఏ కాగితం ముందు తీసుకోవాలో వరసగా చెప్తాను. టీచర్ అయితే ఇక్కడ బడిలో పనిచేస్తున్న మా స్నేహితురాలిని అడిగి రాస్తాను.