నిపా ఫార్వర్డ్‌ల సంగతి తర్వాత... ముందు నాన్నగారిని ఆస్పత్రిలో చూపించండి

ప్రశ్న: మా ఇంటి వెనక చింతచెట్టు నిండా గబ్బిలాలు. నిపా వైరస్‌ను ల్యాబ్‌లో తయారుచేసి వదిలారని, టీకాలు అమ్ముకోవడానికే ఇదంతా అని మా ఊరి వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు తిరుగుతున్నాయి. జ్వరమని ఆస్పత్రికి వెళ్తే నిపా అని రాసేసి విడిగా పెట్టేస్తారని, జరగరానిది జరిగితే శవాన్ని కూడా ఇవ్వరని అంటున్నారు. ఇందులో నిజమెంత? చెట్టు కొట్టించేయాలా? చికెన్ మానేయాలా? మా నాన్నకు 61 ఏళ్లు, షుగర్ ఉంది. ఆరు రోజులుగా జ్వరం, తలనొప్పి. ఆర్‌ఎంపీ గారు రోజూ ఇంజెక్షన్ చేస్తుంటే తగ్గి మళ్లీ వస్తోంది. నిన్నటి నుంచి సరిగా తినడం లేదు, మగతగా పడుకుని ఉంటున్నారు. పిలిస్తే పలుకుతున్నారు. ఆ మెసేజ్‌లు చూసి భయపడే ఆస్పత్రికి తీసుకెళ్లలేదు. - ఒక పాఠకురాలు, అనకాపల్లి జిల్లా

డాక్టర్ సమాధానం: అమ్మా, మీరు గబ్బిలాల గురించి అడిగారు. నన్ను భయపెట్టింది మాత్రం చివర్లో మీరు రాసిన ‘మగత’ అన్న మాట. ఈ జవాబు వచ్చేదాకా మీరు ఆగకూడదని డెస్క్ వాళ్లతో ముందే ఫోన్ చేయించాను. ఇలాంటి పరిస్థితిలో ఉన్న మిగతా వాళ్ల కోసం కూడా ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

జ్వరం, తలనొప్పితో పాటు మనిషి మగతగా ఉంటే, మాట తడబడితే, మెడ వంచలేకపోతే, ఫిట్స్ వస్తే అది ఇంట్లో చూసుకునే జ్వరం కాదు. ‘పిలిస్తే పలుకుతున్నారు’ అని సరిపెట్టుకోవద్దు. అదే రోజు, వీలైతే అదే గంటలో, ఐసీయూ ఉన్న ఆస్పత్రికి చేర్చాలి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.

ముందు ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే షుగర్ చూడండి. తిండి తినకుండా షుగర్ మాత్ర మామూలుగా వేసుకుంటుంటే షుగర్ పడిపోయి కూడా మగత రావచ్చు. 70 కంటే తక్కువుండి, స్పృహలో ఉండి మింగగలిగితే పంచదార నీళ్లు పట్టండి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయొద్దు. షుగర్ సరిచేశాక తేరుకున్నా సరే, ఆరు రోజుల జ్వరానికి కారణం తేలాలి కాబట్టి ఆస్పత్రి ప్రయాణం మానొద్దు.

చూడకుండా ఇది ఫలానా జబ్బని చెప్పలేను, చెప్పకూడదు కూడా. అయితే మన ప్రాంతంలో ఇలాంటి లక్షణాలతో ఎవరైనా వస్తే మేం ముందుగా అనుమానించేది నిపాను కాదు. మెదడుకు పాకిన మలేరియా, నల్లిలాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్, డెంగీ, బ్యాక్టీరియాతో వచ్చే మెదడు పొరల వాపు, హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే మెదడువాపు, ఇవీ మా అనుమానాలు. వీటిలో చాలావాటికి మందులున్నాయి, కానీ వేళకు పడాలి. స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ తొందరగా మొదలుపెడితే రెండు రోజుల్లో జ్వరం దిగడం మామూలే. ఆలస్యమైతే అదే జబ్బు ఊపిరితిత్తులను, కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఆ పురుగు కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి, దురద ఉండవు కాబట్టి ఎవరూ గమనించరు. చంకలో, గజ్జల్లో, మొలతాడు కింద వెతకండి. రోజుల తరబడి జ్వరంతో వచ్చిన రైతుకు మొలతాడు పక్కకు జరిపితే కందిగింజంత పెచ్చు కనబడటం నాకు కొత్త కాదు. కనబడింది కదా అని మందుల షాపులో డాక్సీసైక్లిన్ కొని వేసేయకండి. మగత వచ్చాక మాత్రలతో సరిపెట్టే దశ దాటిపోయినట్టే.

ఇక ఆ ఇంజెక్షన్లు. ఏమిటో మీరు రాయలేదు. జ్వరం దించడానికి చాలాచోట్ల డైక్లోఫెనాక్, దాంతో పాటు స్టెరాయిడ్ కలిపి ఇస్తుంటారు. డెంగీ అయితే డైక్లోఫెనాక్ వల్ల రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు కిడ్నీల మీద భారం. స్టెరాయిడ్ షుగర్‌ను పెంచేస్తుంది, ఇన్ఫెక్షన్‌ను కప్పిపెడుతుంది. సాయంత్రానికి జ్వరం దిగితే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు, లోపల జబ్బు మాత్రం ముదురుతూనే ఉంటుంది. మూడు రోజులు దాటిన జ్వరానికి రక్తపరీక్ష లేకుండా ఇంజెక్షన్ వేయించుకోవద్దని వచ్చిన ప్రతి ఒక్కరికీ చెబుతాను. ఆరు రోజులు ఆగారంటే కోపం కాదమ్మా, బాధగా ఉంది.

ఆస్పత్రిలో వెన్ను నుంచి నీరు తీసి పరీక్ష చేస్తామంటే వద్దనకండి. కాళ్లు పడిపోతాయన్న భయంతో చాలామంది సంతకం పెట్టరు. సూది దిగేది వెన్నుపాము ముగిసిన చోటుకు కింద. అవసరం లేనిదే ఆ పరీక్ష అడగరు.

ఇప్పుడు మీరు అడిగినవి. నిపాను మొదట గుర్తించింది 1998-99లో మలేసియాలో, పందుల ఫారాల్లో పనిచేసేవాళ్లలో. గబ్బిలాలు కొరికి పడేసిన పండ్ల ద్వారా పందులకు, పందుల నుంచి మనుషులకు వచ్చింది. టీకాలు అమ్ముకోవడానికే అంటున్నారు, నిపాకు మార్కెట్లో టీకానే లేదు. మన దేశంలో నిర్ధారణ అయిన కేసులు పశ్చిమ బెంగాల్, కేరళ రాష్ట్రాలవి. 2018లో కోజికోడ్ ప్రాంతంలో 17 మంది చనిపోయారు. రోగికి సేవ చేసిన నర్సు లినీ పుదుస్సేరి వారిలో ఒకరు. ఆమె పనిచేసిన పేరాంబ్ర ఆస్పత్రి నర్సులను జనం బస్సుల్లో దగ్గరికి రానివ్వలేదు. కోడిమాంసంతో నిపా వస్తుందని జిల్లా వైద్యాధికారి పేరుతో దొంగ లేఖ పుట్టించారు. అదే జిల్లాలో 2023లో ఆరుగురికి వస్తే నలుగురు బతికారు. కేసులను తొందరగా పట్టుకోవడం అందుకు ఒక కారణం.

నిపా అనుమానం ఉంటే విడి గదిలో పెట్టడం నిజమే. అది ఇంట్లోవాళ్లను, నర్సులను కాపాడటానికి. జ్వరమని వచ్చినవాళ్లందరికీ ఆ పేరు రాసేయరు. గొంతు స్వాబ్ లాంటి నమూనాలను ప్రత్యేక ల్యాబ్‌కు పంపి తేల్చాలి. ఆ జబ్బుతో చనిపోతే అంత్యక్రియలకు జాగ్రత్తలు ఉంటాయి, అది కూడా దాచేదేం లేదు.

చెట్టు కొట్టించొద్దు. చెదిరిన గబ్బిలాలు ఊరంతా తిరుగుతాయి. కొరికి రాలిన పండ్లు ముట్టుకోవద్దు, తోటలో పండ్లు కడిగి, తొక్క తీసి తినండి. బంగ్లాదేశ్‌లో రాత్రి గబ్బిలాలు నాకిన ఈత రసం పచ్చిగా తాగి చాలామందికి నిపా సోకింది కాబట్టి, మూత లేని ముంతలో పట్టిన కల్లు, నీరా తాగేవాళ్లు కాస్త ఆలోచించుకోవాలి. చికెన్ బాగా ఉడికించి తినొచ్చు.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఆర్‌ఎంపీ గారికి ఫోన్ చేసి ఏయే ఇంజెక్షన్లు ఇచ్చారో రాయించుకోండి, ఖాళీ సీసాలు దొరికితే అవీ తీసుకెళ్లండి. షుగర్ మాత్రల స్ట్రిప్పు, పాత రిపోర్టులు వెంట ఉంచుకోండి. నాన్నగారు ఈ నెలలో కేరళ వైపు గానీ బెంగాల్ వైపు గానీ వెళ్లివచ్చి ఉంటే డ్యూటీ డాక్టర్‌కు ముందే చెప్పండి, గబ్బిలాల సంగతి కూడా చెప్పండి. దగ్గరుండేది ఒక్కరే ఉండండి, మాస్క్ పెట్టుకోండి.