బండి బాగోగులు: మూడు లక్షల కిలోమీటర్లు దాటిన పికప్‌లు

ప్రశ్న: మాది బొలెరో పికప్, 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్. 3,40,000 కిలోమీటర్లు తిరిగింది. టమాటా లోడుతో చెన్నై కిరాయిలకు వెళ్తుంటాం. ఈమధ్య ఇంజిన్ ఆయిల్ తగ్గిపోతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు పొగ వస్తోంది. బోరుకొచ్చింది (సిలిండర్ల లోపలి గోడలు అరిగిపోయాయి), ఇంజిన్ విప్పాల్సిందే అంటున్నాడు మెకానిక్. విప్పమంటారా?
– ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: ఇప్పుడే విప్పకండి. ఆయిల్ తగ్గిన ప్రతి ఇంజినూ బోరుకొచ్చినట్టు కాదు. ముందు ఎంత తాగుతోందో తేల్చండి. బండిని సమనేల మీద ఆపి, పది నిమిషాలాగి, డిప్‌స్టిక్ పై గీత దాకా ఆయిల్ నింపండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఆ గీత అందుకోవడానికి ఎంత పోయాల్సి వచ్చిందో చూడండి. ఇంత తిరిగిన బండికి అర లీటరులోపైతే పోసుకుంటూ నడుపుకోవచ్చు. లీటరు దాటితే కారణం వెతకాలి.

పొగ రంగు చాలావరకు చెప్పేస్తుంది. నల్ల పొగైతే అది ఆయిల్ కాదు, గాలి చాలక డీజిల్ సరిగా మండటం లేదు. ఎయిర్ ఫిల్టర్, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపుల చీలికలు, ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది), ఇంజెక్టర్లు చూడాలి. నీలం పొగైతే ఆయిల్ మండుతోంది. లోడు లాగుతున్నంతసేపూ నీలంగా వస్తే పిస్టన్ రింగుల మీద అనుమానం. చాలాసేపు ఐడిలింగ్‌లో ఉంచి యాక్సిలరేటర్ తొక్కగానే గుప్పున వచ్చి తగ్గిపోతే వాల్వు సీళ్లు. వాటికోసం ఇంజిన్ మొత్తం దించక్కర్లేదు.

తర్వాత టర్బో, అంటే పొగ ఒత్తిడితో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలి నెట్టే చక్రం. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్లే పైపు ఊడదీసి చూడండి. లోపల పల్చగా ఆయిల్ తడి ఉంటే మామూలే, నిలవ ఉంటే కాదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు టర్బో చక్రాన్ని వేలితో కదపండి. పక్కకు రవ్వంత ఆడొచ్చు. ముందుకూ వెనక్కీ ఆడినా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనిపించినా టర్బో పోయినట్టే. కొత్తది బిగించేటప్పుడు దానికి ఆయిల్ తెచ్చే సన్నపైపు మార్చండి, లేదా పూర్తిగా శుభ్రం చేయించండి. పాత పైపులో గడ్డకట్టిన మసి కొత్త టర్బోను కూడా తినేస్తుంది.

ఇక రింగుల సంగతి. ఇంజిన్ వేడెక్కాక, ఐడిలింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి అక్కడే బోర్లించండి. కొద్దిగా కదిలితే ఫరవాలేదు. ఎగిరి పడుతూ, అక్కణ్నుంచి పొగ తన్నుకొస్తుంటే మండిన గాలి రింగులు దాటి కిందికి దిగుతోంది. బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి గాలిని బయటికి వదిలేది) మూసుకుపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి దాన్ని శుభ్రం చేసి మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే కంప్రెషన్ పరీక్ష చేయించండి. అందులో అంకె కంటే నాలుగు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒక్కటే బాగా తక్కువ చూపిస్తే అది వాల్వో గాస్కెటో కావచ్చు. నాలుగూ పడిపోయి ఉంటే మీ మెకానిక్ మాట నిజం.

అప్పుడు మాత్రం రింగులొక్కటే మార్చి సరిపెట్టనివ్వొద్దు. బోరు అరిగి గుండ్రం తప్పితే కొత్త రింగులు కూర్చోవు. మూడు నెలలకే మళ్లీ అదే కథ. బోరును పైన, మధ్యలో, కింద కొలిపించి, కంపెనీ పరిమితితో పోల్చాకే నిర్ణయించండి.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి టర్బోకు వెళ్లే రబ్బరు పైపు లోపల తెల్లగుడ్డతో తుడవండి. ఎర్రమట్టి అంటుకొస్తే ఫిల్టర్ పక్కనుంచి దుమ్ము లోపలికి పోతోంది. బోరు అరగడానికి అదే కారణం. దాన్ని ఆపకుండా ఎంత ఖర్చుపెట్టి ఇంజిన్ చేయించినా దండగే. క్లిప్పులు, డబ్బా సీలు సరిచూసుకోండి. ఫిల్టర్‌ను కంప్రెసర్ గాలితో గట్టిగా కొట్టించకండి, కాగితం చిరుగుతుంది.

ప్రశ్న: ఎండాకాలంలో హీటెక్కుతోందని షెడ్డులో థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వెళ్లనివ్వని వాల్వు) తీసేశారు. అలాగే నడపొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నడపొద్దమ్మా. థర్మోస్టాట్ లేని ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు తీసుకుంటుంది. డీజిల్ సరిగా మండక బోరు మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. మైలేజీ పడిపోతుంది, అరుగుదల పెరుగుతుంది. పైగా అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది.

పాతది పారేయకపోతే నీళ్లగిన్నెలో వేసి కాచి చూడండి. రకాన్నిబట్టి 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలవ్వాలి. నీళ్లు మరుగుతున్నా తెరుచుకోకపోతే కొత్తది వేయించండి. తెరుచుకుంటే తప్పు వేరేచోట ఉంది. ఇంటర్‌కూలర్‌కూ రేడియేటర్‌కూ మధ్య పేరుకున్న మట్టి, గడ్డి బయటికి కనిపించవు, విప్పి కడగాలి. రేడియేటర్‌లో బోరునీళ్లు పోసి ఉంటే లోపల సున్నం పట్టేసి ఉంటుంది. కడిగించి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం నింపండి. ఇవన్నీ చేసినా హీటెక్కితే, చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించండి. బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ చూడాలి.

ప్రశ్న: చెరువుల దగ్గర్నుంచి రొయ్యల ట్రేలు తోలుతాం. ఇంజిన్ దివ్యంగా ఉంది, ఛాసిస్ మాత్రం తుప్పు పట్టిపోతోంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయమంటున్నారు. పూయొచ్చా?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: ఆ ఆయిల్ వద్దు. కమాన్ (పట్టీల స్ప్రింగు) బుష్షులు, బ్రేకు గొట్టాల రబ్బరు దానికి ఉబ్బి పాడవుతాయి. మీ శత్రువు ట్రేల నుంచి కారే ఉప్పునీరు. ఏ రోజుకారోజు కింది భాగం మంచినీళ్లతో కడగాలి. ముఖ్యంగా రెండు రేకులు కలిసే చోట్లు, వెనక కమాన్ హ్యాంగర్ల చుట్టూ, బ్రేకు పైపుల క్లిప్పుల కింద. నెలకోసారి చిన్న సుత్తితో ఛాసిస్ తట్టి చూడండి. ఖంగుమంటే గట్టిగా ఉంది. డబ్‌డబ్‌మంటే లోపల తినేసింది. తుప్పున్నచోట వైరు బ్రష్‌తో మెరిసేదాకా గీకి, ప్రైమర్, ఆపైన ఎపాక్సీ పెయింటు వేయించండి.

పగులు కనిపిస్తే దాని రెండు చివర్లా చిన్న రంధ్రం వేశాకే వెల్డింగ్ చేయించండి. లేకుంటే పగులు సాగుతూనే ఉంటుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ రెండు తీగలూ ఊడదీయండి, లేకుంటే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) కాలిపోతుంది. బ్యాటరీ బాగున్నా సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతుంటే ఇంజిన్ ఎర్తింగ్ తీగ చివర్లు చూడండి, తుప్పు మొదట తినేసేది వాటినే.

ప్రశ్న: ఎక్కువ లోడుకు కమాన్ కట్టలో రెండు పట్టీలు అదనంగా వేయించవచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: వద్దు. పట్టీలు పెరిగాయి గానీ యాక్సిల్, హబ్ బేరింగులు, బ్రేకులు, టైర్లు పాతవే కదా. కమాన్ వంగకపోతే గుంతల దెబ్బంతా ఛాసిస్‌కే తగులుతుంది. విరిగిన పట్టీ మార్పిస్తే మాత్రం 500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించుకోండి. అవి వదులైతే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ పక్కకు జరుగుతుంది.

ప్రశ్న: మా పికప్‌కు ఎనిమిదేళ్లు నిండాయి. ఫిట్‌నెస్ ఎన్నాళ్లకోసారి చేయించాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి. మీరిక ఏటా చేయించాలి. వెళ్లేముందు హ్యాండ్ బ్రేకు, లైట్లు, రిఫ్లెక్టివ్ టేపు సరిచూసుకోండి.