సెరెంగెటి చూపించని ట్రావెల్స్: డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: గత ఆగస్టులో మా కుటుంబం నలుగురం ముంబయికి చెందిన ఒక ట్రావెల్స్ సంస్థ ద్వారా ఆఫ్రికా సఫారీకి వెళ్లాం. 8 లక్షల 60 వేలు కట్టాం. కెన్యాలోని మసాయి మారా, దాన్ని ఆనుకునే ఉన్న టాంజానియాలోని సెరెంగెటి రెండూ చూపిస్తామని, ఒకే వీసా చాలని వాట్సాప్‌లో రాశారు. తీరా మారా చూశాక, టాంజానియా వీసా లేకుండా సెరెంగెటికి తీసుకువెళ్లలేనని డ్రైవరు చెప్పాడు. మిగిలిన రెండు రోజులూ నైరోబీ హోటల్లో సొంత ఖర్చుతో ఉన్నాం. వీసా బాధ్యత ప్రయాణికులదేననీ, వివాదాలు ముంబయి కోర్టులోనే తేల్చుకోవాలనీ రసీదు వెనుక ఉందంటున్నారు. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కేసు వేయండి. వరంగల్‌లోనే వేయవచ్చు.

మారా, సెరెంగెటి నిజానికి ఒకే పచ్చిక మైదానం. లక్షల వైల్డ్‌బీస్ట్‌లు (ఒక రకం అడవి జింకలు) ఏటా ఆ హద్దు దాటి వెళ్లి వస్తుంటాయి. మనుషులకు అలా కుదరదు. 1977లో తూర్పు ఆఫ్రికా సమాఖ్య విచ్ఛిన్నమైనప్పుడు టాంజానియా కెన్యా సరిహద్దును మూసేసింది. తర్వాత సరిహద్దు తెరుచుకున్నా, శాండ్ రివర్ దగ్గర పార్కు నుంచి పార్కులోకి వెళ్లే దారి మాత్రం పర్యాటకులకు తెరుచుకోలేదు. పడమటగా ఇసెబానియా–సిరారి సరిహద్దు తనిఖీ కేంద్రం వరకు చుట్టూ తిరిగి వెళ్లాలి, అక్కడ టాంజానియా వీసా చూపాలి. తూర్పు ఆఫ్రికా పర్యాటక వీసా అని ఒకటుంది, కానీ అది చెల్లేది కెన్యా, ఉగాండా, రువాండాలకే. ‘ఒకే వీసా’ అన్న మాట అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. ఇవన్నీ తెలిసి ఉండాల్సింది సఫారీలు అమ్మేవారికి. మీరు డబ్బు కట్టిందే అందుకు.

కాబట్టి రసీదు వెనుక షరతుకు బెదరకండి. వీసా తెచ్చుకోవడం మీ బాధ్యతే అనుకుందాం. ఏ వీసా కావాలో తప్పు చెప్పింది మాత్రం వారే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) ప్రకారం ఇది సేవా లోపం. టాంజానియా వీసా విడిగా తీసుకోవాలని వారు ముందే రాసి ఉంటే మీ కేసు బలహీనపడేది. ఆ వాట్సాప్ సందేశమే మీ కేసుకు ప్రాణం. దాన్ని ఫోను నుంచి తొలగించకండి, ఫోను మార్చేటట్లయితే ముందుగా భద్రపరచండి.

ముంబయి కోర్టు షరతు కూడా మిమ్మల్ని ఆపలేదు. ఫిర్యాదుదారు నివసించే చోటే ఫిర్యాదు చేసే హక్కును సెక్షన్ 34 ఇచ్చింది. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపే కనుక జిల్లా వినియోగదారుల కమిషన్ సరిపోతుంది. 5 నుంచి 10 లక్షల మధ్య మొత్తానికి రుసుము 200 రూపాయలే. అయితే ఒక జాగ్రత్త: ‘అన్యాయమైన ఒప్పందం, రద్దు చేయండి’ అని అడగకండి. ఆ అధికారం రాష్ట్ర కమిషన్‌కు, ఆపైన జాతీయ కమిషన్‌కే ఉంది. ఆ మాట చేరితే ఫిర్యాదును జిల్లా కమిషన్ అసలు విచారించవచ్చా అన్నదానిపైనే వాదన మొదలవుతుంది. సేవా లోపం దగ్గరే నిలబడండి.

కట్టిన డబ్బంతా తిరిగి ఇమ్మని కూడా అడగవద్దని నా సలహా. మారా చూపించారు కదా. సెరెంగెటికి చెందిన వాటా, నైరోబీ హోటల్ ఖర్చు, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు అడగండి. అడిగినది సబబుగా ఉంటే కమిషన్ మీ మాటను నమ్ముతుంది.

గడువు రెండేళ్లు, కనుక తొందర లేదు. అలాగని నాన్చవద్దు. ముందుగా స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. ఫిర్యాదుకు ప్రయాణ ప్రణాళిక, చెల్లింపు రసీదులతో పాటు నలుగురి పాస్‌పోర్టుల్లోని ముద్రల పేజీల నకళ్లూ జతచేయండి. వాటిలో టాంజానియా ముద్ర లేకపోవడమే మీరు సెరెంగెటి చూడలేదనడానికి సాక్ష్యం.