ఎసిటిక్ ఆమ్లం టైట్రేషన్‌లో తుల్యతా స్థానం పీహెచ్ 7 దగ్గర ఎందుకు రాదు?

టైట్రేషన్ అంటే ఆమ్లంలో క్షారాన్ని కొలిచి కొద్దికొద్దిగా కలపడం; ఆమ్లానికి సరిగ్గా సరిపడా క్షారం పడిన చోటే తుల్యతా స్థానం. అక్కడ ఆమ్లం దాదాపు మిగలదు, నిజమే. కానీ ఫ్లాస్కులో సోడియం ఎసిటేట్ ఉంటుంది. ఎసిటేట్ అయాన్ నీటి నుంచి ప్రోటాన్ లాక్కుని హైడ్రాక్సైడ్‌ను వదులుతుంది. అందుకే 0.1 మోలార్ ఆమ్లాన్ని అంతే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తే అక్కడ పీహెచ్ సుమారు 8.7 వస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లమైతే 7.

క్షారం పడేకొద్దీ పీహెచ్ ఎలా మారుతుందో చూపే గ్రాఫ్‌లో అందరి కళ్లూ తుల్యతా స్థానం దగ్గరి ఆ నిట్టనిలువు గీత మీదే. నన్నడిగితే దానికి ముందున్న చదునైన భాగమే ఎక్కువ చెబుతుంది. 25 మి.లీ. ఆమ్లంలో 12.5 మి.లీ. క్షారం పడేసరికి ఆమ్లం, ఎసిటేట్ సమానమవుతాయి. అక్కడి పీహెచ్ 4.76, అదే పీకేఏ, అంటే ఆ ఆమ్లం బలాన్ని చెప్పే సంఖ్య. ఇది బఫర్ ప్రాంతం, అంటే క్షారం పడినా పీహెచ్ పెద్దగా మారని భాగం, కాబట్టి గీత మెల్లగా లేస్తుంది.

సూచికగా, అంటే రంగు మారి తుల్యతా స్థానాన్ని చూపే పదార్థంగా, ఫినాఫ్తలీన్ వాడండి. మిథైల్ ఆరెంజ్ పీహెచ్ 3.1–4.4 మధ్యే, అంటే సగం క్షారం కూడా పడకముందే, రంగు మార్చేస్తుంది.