స్కీమా ఫైలు డేటాబేస్‌ను తాకకముందే

ఒంగోలు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

కావలి రొయ్యల చెరువుల సాఫ్ట్‌వేర్‌కి స్కీమా ఫైళ్లు, అంటే డేటాబేస్ టేబుళ్లను మార్చే ఫైళ్లు, ఇక నువ్వే చూస్తావని మీ అమ్మ చెప్పింది. కంటితో చదివి బాగుందనుకుని నడిపేయొద్దురా అల్లుడూ. తనిఖీ ప్రోగ్రాముకు అప్పజెప్పు. తప్పు దొరికితే ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రాము ముగిస్తూ ఇచ్చే అంకె) సున్నా కాకుండా రావాలి, మార్పుని లైవ్‌కి ఎక్కించే డిప్లాయ్ అక్కడే ఆగాలి.

ముందు పేరు. ఈ ఫైళ్లను వరుసగా నడిపే ఫ్లైవే ప్రోగ్రాముకి పేరులో పెద్ద వి, అంకె, రెండు అండర్‌స్కోర్లు, వివరం, డాట్ ఎస్‌క్యూఎల్ ఉండాలి. అండర్‌స్కోర్ ఒకటే పెడితే ఎర్రర్ రాదు, ఆ ఫైల్ని ఊరికే దాటేస్తుంది. ఎర్రర్ కంటే అదే ప్రమాదం. దాని సెట్టింగుల్లో 'వ్యాలిడేట్ మైగ్రేషన్ నేమింగ్'ని ట్రూ చెయ్యి; మైగ్రేషన్ అంటే ఇలాంటి ఒక్కో మార్పు ఫైలే. ఇద్దరు ఒకే నంబరు వాడకుండా, సంవత్సరం నుంచి సెకను దాకా 14 అంకెలు పెట్టుకోండి.

ఒకసారి నడిచిన ఫైల్లో కామెంటు మార్చినా, ఫ్లైవే తనిఖీ కమాండు వ్యాలిడేట్ దాన్ని చెక్‌సమ్ (ఫైల్లోని రాతను బట్టి లెక్కగట్టిన అంకె) దగ్గర పట్టేస్తుంది. అప్పుడు రిపేర్ కమాండు కొట్టి దాని నోరు మూయించకు. రిపేర్, ఏ ఫైళ్లు నడిచాయో ఫ్లైవే రాసుకునే హిస్టరీ టేబుల్లో చెక్‌సమ్‌ని దిద్దుతుంది గాని నీ టేబుళ్లను ముట్టదు. పాత ఫైల్ని గిట్‌లోంచి (ఫైళ్ల పాత రూపాలు దాచే చోటు) తెచ్చి పెట్టి, మార్పుకు కొత్త ఫైలు రాయి. వ్యాలిడేట్‌ని విడిగా నడిపితే ఇంకా నడవని ఫైళ్లనూ తప్పంటుంది; 'ఇగ్నోర్ మైగ్రేషన్ ప్యాటర్న్స్' సెట్టింగులో పెండింగ్‌ని చేర్చు. సొంత స్క్రిప్టుతో ఎస్‌హెచ్‌ఏ-256 అనే రకం చెక్‌సమ్ తీస్తే, విండోస్ లైన్ ఎండింగులను (వరుస చివర కనపడని గుర్తులు) ముందు లినక్స్ వాడే ఎల్‌ఎఫ్‌కి మార్చు. లేదంటే ఎవరూ ముట్టని ఫైలు కూడా మారినట్టు చూపిస్తుంది.

ఇవన్నీ దాటినా అసలు పరీక్ష మిగిలే ఉంది. ఖాళీ డేటాబేస్ మీద పాసవడం లెక్కలోకి రాదు. చెరువుల టేబుల్లో సాలినిటీ (ఉప్పదనం) కాలమ్‌ని డిఫాల్ట్ విలువ లేకుండా నాట్ నల్‌గా, అంటే ఖాళీ ఉండకూడదని, చేర్చావనుకో. ఖాళీ టేబుల్లో సాఫీగా పోతుంది. మీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే, టేబుల్లో ఒక్క వరుస ఉన్నా ఆగిపోతుంది. రైతు ఫోన్ నంబరుకు యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదనే నియమం) పెడితే, తండ్రీకొడుకులు ఒకే నంబరు ఇచ్చిన చోట తన్నేస్తుంది. అందుకని నిన్నటి బ్యాకప్‌ను వేరే సర్వర్లో రీస్టోర్ చేసి, కొత్త ఫైళ్లు దాని మీద నడుపు. ఎంతసేపు పట్టిందో రాసుకో. బ్యాకప్ పనికొస్తుందో లేదో కూడా అక్కడే తేలుతుంది.

మీ పాత హేచరీ అప్లికేషన్ మైఎస్‌క్యూఎల్ మీద ఉంది కదా, అక్కడ టేబుల్‌ని మార్చే ఆల్టర్ టేబుల్ కమాండు తనంతట తానే కమిట్ అవుతుంది, అంటే ఖాయమైపోతుంది. మూడింటిలో రెండోది పడిపోతే మొదటిది వెనక్కి రాదు. ఫైలుకు ఒక్క ఆల్టరే రాయి. పోస్ట్‌గ్రెస్ ఇలాంటి మార్పుల్ని మొత్తంగా వెనక్కి తిప్పగలదు. అయితే టేబుల్ వాడుక ఆపకుండా ఇండెక్స్ (వెతుకులాట వేగం పెంచే సూచిక) కట్టే క్రియేట్ ఇండెక్స్ కన్‌కరెంట్లీ, మొత్తంగా వెనక్కి తిప్పగల ట్రాన్సాక్షన్లో నడవదు, మధ్యలో పడిపోతే ఇన్‌వ్యాలిడ్ ఇండెక్స్ మిగులుతుంది. దాన్ని విడి ఫైల్లో పెట్టు, నడిచాక ఇన్‌వ్యాలిడ్‌వి ఉన్నాయేమో స్క్రిప్టుతోనే వెతికించు.

లైవ్‌లో లాక్ టైమౌట్ (టేబుల్ తాళం కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే సెట్టింగు) 5 సెకన్లు పెట్టు. లాక్ దొరక్కపోతే నీ ఫైలే ఆగుతుంది, చెరువు గట్టు మీద మేత ఎంట్రీ కొట్టే కుర్రాళ్ల పని అంతకు మించి ఆగదు.

మీ మామయ్య