పర్లాకిమిడి గోదాము లెక్కలు బరంపురంలో తెరుచుకోవాలంటే

నమస్కారమండి. పర్లాకిమిడి గోదాము కంప్యూటరులో నడిచే సరుకుల లెక్కల వెబ్ అప్లికేషనును బరంపురం దుకాణంలో చూడాలని, బయటి అభ్యర్థనలు ఆ కంప్యూటరుకు చేరేలా రౌటరులో 8080 పోర్టును ఫార్వర్డ్ చేసినా ఫలితం లేదని రాశారు. మీరు జతచేసిన చిత్రంలో రౌటరు వ్యాన్ చిరునామా (ఇంటర్నెట్ వైపు చిరునామా) 100.72తో మొదలవుతోంది, చిక్కు అక్కడే ఉంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న చిరునామాలు, ఇంటర్నెట్ సంస్థ అనేక మంది చందాదారులను ఒకే బహిరంగ చిరునామా వెనుక ఉంచడానికి వాడుకునేవి కాబట్టి, మీరు ఎన్ని పోర్టులు తెరిచినా బయటి అభ్యర్థన మీ రౌటరు దాకా రాదు.

రాకపోవడమే మంచిదయింది. ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేని రూపంలోకి సమాచారాన్ని మార్చడం) లేకుండా ఒక్క పాస్‌వర్డు కాపలాతో వ్యాపార లెక్కలను ఇంటర్నెట్టులో పెట్టడం ఎంతమాత్రం క్షేమం కాదు. ఆ 8080 నియమాన్ని ఈరోజే తొలగించండి.

మీ అవసరానికి వైర్‌గార్డ్ చాలు; అది కంప్యూటర్ల మధ్య ఎన్‌క్రిప్ట్ చేసిన ప్రైవేటు దారి (వీపీఎన్) వేసే సాఫ్ట్‌వేరు. బహిరంగ చిరునామా ఉన్న చిన్న వర్చువల్ సర్వరును అద్దెకు తీసుకుని, అందులో 51820 యూడీపీ పోర్టు తెరిచి, ఐపీ ఫార్వర్డింగ్ (ఒక కంప్యూటరు పంపిన సమాచారాన్ని మరొకదానికి అందించే సదుపాయం) ఆన్ చేసి, రెండు ఊళ్ల కంప్యూటర్లనూ దానికి కలపండి. కనెక్షను లోపలి నుంచే మొదలవుతుంది కనుక పై అడ్డంకి ఉండదు. గోదాము వైపు పర్సిస్టెంట్ కీపలైవ్ (దారి తెరిచి ఉంచేందుకు పంపే చిన్న సంకేతాల మధ్య విరామం) విలువ 25 సెకన్లుగా తప్పక పెట్టండి; లేకపోతే కాసేపు రాకపోకలు ఆగగానే దారి మూసుకుపోయి, బరంపురం నుంచి పిలిచినా పలకదు. కరెంటు పోయి వచ్చాక సర్వీసు దానంతట అదే మొదలయ్యేలా కూడా అమర్చండి. వైర్‌గార్డ్ కంప్యూటర్లను గుర్తించడానికి వాడే ప్రైవేటు కీలను (రహస్య సంకేతాలను) ఏ కంప్యూటరువి ఆ కంప్యూటరులోనే తయారుచేయండి, వాట్సాప్‌లో పంపకండి. అప్పటికీ పేజీ తెరుచుకోకపోతే, వైర్‌గార్డ్‌లో చివరి హ్యాండ్‌షేక్ (రెండు వైపులా ఒకరినొకరు గుర్తించుకుని కలవడం) ఎప్పుడు జరిగిందో చూసి ఇక్కడ రాయండి.