హెడ్‌ఫోన్లు కొనేముందు నీ గది ఒకసారి విను

చిరంజీవి శ్రావణికి, మావయ్య దీవెనలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు చెవులకి పెట్టుకునేదానికి ముప్ఫై వేలు పోస్తుందట అన్నయ్యా, అదీ ఆటలాడుకోడానికి. నువ్వయినా చెప్పు" అంది. నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను. నిజం చెప్పొద్దూ, లోపల ఒకటే సంబరం. మన ఇంట్లో నా తర్వాత చెవి కోసం డబ్బు ఖర్చు పెట్టే మనిషి ఇన్నాళ్ళకి తయారైంది. ఆ సంబరం ఒక పది నిమిషాలు ఉంది. ఆ తర్వాత భయం పట్టుకుంది. పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను. ఫోన్లో టైపు చేసే ఓపిక నాకు లేదు. కాగితాలు ఫొటో తీసి పంపిస్తాను, రాత అర్థం కాకపోతే మీ అమ్మని అడుగు.

ముందు నువ్వు అమ్మకి చూపించిన ఆ లింకు సంగతి. ఎర్రగా పచ్చగా లైట్లు, నోటి ముందుకి వంగిన మైకు, డబ్బా మీద ఇంతింత అక్షరాలతో 7.1. తల్లీ, నువ్వు ఆడేవి ఒక్కదానివే కూర్చుని ఆడుకునే ఆటలు. ఆ మైకులో ఎవరితో మాట్లాడతావు? లైట్లు నీ నెత్తి మీద వెలుగుతుంటే చూసేది నీ రూమ్మేటు, నువ్వు కాదు. 7.1 అంటే చుట్టూ ఏడు స్పీకర్లున్నట్టు వినపడుతుందంటావా, మనకున్నవి రెండు చెవులేగా. వెనక కుక్క మొరిగితే అది వెనకే ఉందని ఎలా తెలుస్తోంది? పక్కనుంచి వచ్చే శబ్దమైతే ఒక చెవికి ముందు, రెండో చెవికి రవ్వంత ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. ముందా, వెనకా, పైనా అన్నది ముఖ్యంగా చెవి డొప్పలో మడతలు తేలుస్తాయి. ఈ లెక్కంతా సాఫ్ట్‌వేరే చేసి రెండు చెవుల్లోకి పంపగలదు. మీ విండోస్‌లో సోనిక్ అని ఉచితంగానే ఉంది. చాలా ఆటలు ఆ లెక్క సొంతంగానే చేసుకుంటాయి. రెంటిలో ఒకటే పెట్టుకో. రెండూ పెడితే కూరలో అత్తా కోడలూ ఎవరికి వాళ్ళు ఉప్పేసినట్టు ఉంటుంది.

బ్లూటూత్ వద్దు. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. నేను డబ్బింగ్ థియేటర్లో పనిచేసేటప్పుడు పెదవికీ మాటకీ రెండు మూడు ఫ్రేములు తేడా వస్తే మా డైరెక్టర్లు మళ్ళీ మొదటినుంచీ చెప్పించేవాళ్ళు. మామూలు బ్లూటూత్‌లో సెకనులో ఐదో వంతు ఆలస్యం కావడం పెద్ద వింత కాదు, అంటే దాదాపు ఐదు ఫ్రేములు. కత్తి దిగాక చప్పుడొస్తుంది. వైరున్నదే తీసుకో.

కళ్ళజోడుతోనే పెట్టి చూసుకో, బరువు చూసుకో, ఊరూ పేరూ తెలియని చోట చవగ్గా దొరికితే నకిలీ అనుకో. ఇవి నీకు తెలిసినవే.

ఇక అసలు సంగతి. నీ లిస్టులో రెండోది, వెనక జాలీ ఉన్నది, ఓపెన్ బ్యాక్. "అందరూ అదే బాగుంటుందంటున్నారు మావయ్యా" అని మెసేజ్ పెట్టావు. వాళ్ళు చెప్పింది నిజమే. శబ్దం హెడ్‌ఫోన్ డొప్పలో ఇరుక్కోదు, తల చుట్టూ విప్పారుతుంది. అడవిలో నడుస్తుంటే అడవిలాగే ఉంటుంది. సెన్‌హైజర్ వాళ్ళ హెచ్‌డీ 600 అనే ఇలాంటి హెడ్‌ఫోన్ వచ్చింది 1997లో. ఇన్నేళ్ళయినా జనం దాన్నే తలుచుకుంటున్నారంటే ఊరికే కాదు. కానీ వాళ్ళు ఏ గదిలో కూర్చుని వింటున్నారో నువ్వు అడిగావా?

నీ గది నేను చూశాను కదా. బెంగళూరు మారతహళ్ళిలో మెయిన్ రోడ్డు మీదకి కిటికీ. అర్ధరాత్రి దాకా హారన్లు. పైన ఫ్యాన్ ఐదు మీద. పక్క మంచం మీద ఆ అమ్మాయి రీల్స్. వీటన్నిటికీ మించి నీ ల్యాప్‌టాప్. ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకి దాని ఫ్యాను విమానం లేస్తున్నట్టు గోల చేస్తుంది. జాలీ అంటే జాలీయే, లోపలి శబ్దం బయటికి పోతుంది, బయటి గోల లోపలికొస్తుంది. అప్పుడు నువ్వేం చేస్తావో నాకు తెలుసు. వాల్యూమ్ పెంచుతావు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ పెంచడమే.

ఇది నీకెప్పుడూ చెప్పలేదు. మీ అమ్మకి కూడా సగమే తెలుసు.

1998 వానాకాలం. హైదరాబాద్‌లో ఒక డబ్బింగ్ థియేటర్లో సౌండ్ చూసేవాణ్ణి. పేరెందుకులే, ఇప్పుడది లేదు. హిందీ సీరియల్ తెలుగులోకి చేస్తున్నాం, వారానికి ఐదు ఎపిసోడ్లు. పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి పదకొండు. కరెంటు పోతే గోడ అవతల జనరేటరు. ఆ గోడ మందం పేరుకే గానీ, జనరేటరు మోత పునాదుల్లోంచి గదిలోకి పాకేది. నేను పెట్టుకునే హెడ్‌ఫోన్‌కి కుషన్లు ఎండిపోయి రెక్సిన్ పెచ్చులూడుతుండేది. ఇంటికెళ్ళేసరికి చెవుల చుట్టూ నల్లటి పొట్టు. మీ అత్తయ్య నవ్వేది, కాటుక చెవులకి పెట్టుకున్నావా అని.

కుషను సరిగ్గా అతుక్కోకపోతే ముందు పోయేది బేస్, అంటే లోతైన శబ్దాలు. మగ గొంతులు పల్చబడిపోతాయి. ఆ సందులోంచి జనరేటరు లోపలికొస్తుంది. పైగా నాకొక అలవాటు ఉండేది. ఎడమ చెవి బయటికి వదిలేసి కుడి చెవికి మాత్రమే హెడ్‌ఫోన్ పెట్టుకునేవాణ్ణి, డైరెక్టరు ఏమంటున్నాడో వినపడాలి కదా. ఒక్క చెవితో వింటే చాలినట్టుండదు, ఇంకాస్త పెంచాలనిపిస్తుంది. సౌండ్ కన్సోల్ మీద వాల్యూమ్ నాబ్ నాకు అలవాటైన చోట స్కెచ్ పెన్నుతో గీత గీసుకున్నాను. నెల తిరిగేసరికి నాబ్ ఎక్కడో ఉంది, గీత ఎక్కడో ఉండిపోయింది. ఆ గీతని రోజూ చూస్తూనే ఉన్నాను. చూస్తూ కూడా వెనక్కి తిప్పలేదు.

కుషన్లు మార్చమని యజమానిని అడిగాను. వచ్చే నెల అన్నాడు. నేనే కొనుక్కోవచ్చు, రెండు మూడు వందల పని. వాళ్ళ హెడ్‌ఫోన్‌కి నా డబ్బులెందుకు అని పంతం. చెవి మాత్రం నాదేనన్న ఆలోచన రాలేదు చూడు.

ఒక రాత్రి పడుకుంటే కీచురాళ్ళు మొదలయ్యాయి. వానాకాలం కదా, బయట చెట్లలో అనుకుని లేచి కిటికీ మూశాను. ఆగలేదు. బాత్‌రూమ్ తలుపు వేశాను. ఆగలేదు. మంచం మీద కూర్చుని కుడి చెవి చేత్తో మూసుకుంటే ఇంకా గట్టిగా వినపడింది. అప్పుడు తెలిసింది అవి ఎక్కడున్నాయో. ఎవరికీ చెప్పలేదు. సౌండ్ మనిషికి చెవి పోయిందంటే పని ఎవరిస్తారు?

ఒక రోజు నా అసిస్టెంటు కుర్రాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో, నెమ్మదిగా దగ్గరికొచ్చి "సార్, ఆవిడ స అన్నప్పుడల్లా ఈల వేస్తున్నట్టుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నువ్వు పుట్టకముందు నేను మైక్ సెట్లు మోశానురా అని అందరి ముందూ తిట్టాను. వారం తర్వాత మూడు ఎపిసోడ్లు వెనక్కి వచ్చాయి. వాడు చెప్పిందే నిజం. ఆ ఆర్టిస్టు శ, ష, స నాకు మొద్దుగా వినపడుతున్నాయని ట్రెబుల్, అంటే సన్నటి శబ్దాలు, పెంచుకుంటూ పోయాను. నాకు సరిపోయింది అందరి చెవుల్లో సూదిలా గుచ్చుకుంది.

ఈఎన్‌టీ డాక్టరు ఆడియోగ్రామ్ తీయించారు, ఏ శబ్దం ఎంత వినపడుతోందో గీతగా చూపే కాగితం. గీత తిన్నగా వెళ్తూ వెళ్తూ 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడి, అవతల కొంచెం లేచింది. ఆయన కాగితం చూసి, తల ఎత్తకుండానే "ఏం పని చేస్తారు?" అన్నారు. లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి కణాలుంటాయట, చచ్చినవి మనుషుల్లో మళ్ళీ మొలవవట. నాకప్పుడు 34 ఏళ్ళు. ఆ మర్నాటినుంచి ట్రెబుల్ నాబ్ ఆ కుర్రాడికే ఇచ్చేశాను. వాడు ఎందుకని అడగలేదు.

ఇప్పుడు సంక్రాంతి సంగతి. నువ్వు మీ అన్నయ్య హెడ్‌ఫోన్ నా తలకి తగిలించి ఆ హెల్‌బ్లేడ్ ఆట పెట్టావు గుర్తుందా? 2017లో వచ్చిన ఆట అన్నావు. ఆటలో అమ్మాయి బుర్రలో గొంతులన్నీ చుట్టూ తిరుగుతూ గుసగుసలాడతాయి. తలకి రెండు పక్కలా చెవులున్నట్టుండే మైకు పెట్టి, గొంతులిచ్చేవాళ్ళని దాని చుట్టూ తిప్పి రికార్డు చేశారని నువ్వే వీడియో చూపించావు. జీవితమంతా మైకుల ముందు గడిపినవాణ్ణి, నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. నేను అస్తమానం ఎడమకే తిరిగి చూస్తుంటే "మావయ్యకి భయం" అని పడీ పడీ నవ్వావు. భయం కాదమ్మలూ. కుడి పక్క గుసగుసలు నాకు సగం వినపడలేదు. నువ్వు నవ్వుతుంటే బాగుందని ఊరుకున్నాను.

అదే పండక్కి ఇంకోటి కూడా చూశాను. నువ్వు చెవుల్లో బడ్స్ పెట్టుకుని అరుగు మీద కూర్చుంటే ఎదురుగా ఉన్న నాకు పాట వినపడింది. అదీ ఈ చెవులకి! బుద్ధుందా నీకు? ఇంజనీరింగ్ చదివావు, లెక్క చెబుతాను విను. 85 డెసిబెల్స్ అయితే రోజుకి ఎనిమిది గంటలు దాకా ఫరవాలేదని పనిచేసేవాళ్ళ కోసం పెట్టిన లెక్క. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ టైము సగమైపోతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు. 100కి వచ్చేసరికి మిగిలేది పావుగంట. నువ్వు శనివారం కూర్చుంటే ఎన్ని గంటలు ఆడతావు?

అందుకని ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ మూసి ఉన్నదే తీసుకో, క్లోజ్డ్ బ్యాక్. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రోలో 80 ఓమ్‌లది చూడు (ఓమ్‌లంటే కరెంటుకి హెడ్‌ఫోన్ ఎంత అడ్డుపడుతుందో ఆ లెక్క). రికార్డింగ్ వాళ్ళు ఎప్పటినుంచో వాడుతున్నారు. కుషన్లు మఖమల్ లాంటి గుడ్డతో ఉంటాయి, చెమటకి రెక్సిన్‌లా పెచ్చులూడవు, పాతబడితే విడిగా కొని మార్చుకోవచ్చు. మెత్తగా లేదనిపిస్తే ఆడియో టెక్నికా ఎమ్50ఎక్స్ పెట్టి చూడు. వీటికి ముప్ఫై వేలు అక్కర్లేదు. మిగిలినదాంతో కిటికీకి మందపాటి కర్టెన్ కొను. ల్యాప్‌టాప్ ఒళ్ళో, మంచం మీద పెట్టకు, కింద గాలాడేలా బల్ల మీద ఎత్తులో పెట్టు, ఫ్యాను అరుపు కొంత తగ్గుతుంది. ఇంకో జత కుషన్లు ముందే కొనిపెట్టుకో. నవ్వకు. ఇంకో జత కుషన్లు.

ఓమ్‌ల గురించి జనం భయపెడతారు. 250, 300 ఉన్నవాటికి మంచి ఆంప్, అంటే శబ్దాన్ని బలపరిచే డబ్బా, ఉంటే మేలు. ఎనభై దాకా చాలా ల్యాప్‌టాప్‌లు నెట్టుకొస్తాయి. ముందు ఆంప్ లేకుండా విను. నాకు ఆంప్ అంటే ఇంకో నాబ్, ఇంకో గీత, అంతే. ఛార్జరు పెట్టినప్పుడు జుయ్‌మని వస్తే ఛార్జరు తీసి చూడు. ఆగిపోతే హెడ్‌ఫోన్ తప్పు కాదు. చిన్న యూఎస్‌బీ డీఏసీ, అంటే ల్యాప్‌టాప్ బయటే శబ్దం తయారుచేసే ముక్క, పెడితే చాలాసార్లు పోతుంది.

వచ్చాక ఇలా చెయ్యి. ఆట సెట్టింగుల్లో ఆడియో దగ్గర హెడ్‌ఫోన్స్ అని ఉంటే అది ఎంచుకో, టీవీ స్పీకర్ల మీద ఉంచేస్తే మొత్తం పాడవుతుంది. వాల్యూమ్ సున్నా చేసి, ఆటలో ఎవరూ కొట్టుకోని చోటికి వెళ్ళు. గాలి, అడుగుల చప్పుడు, ఆటలో మనిషి ఊపిరి. ఊపిరి వినపడేదాకా మెల్లిగా పెంచి అక్కడ ఆపు. అక్కడే ఒక గీత గీసుకో. తర్వాత బాంబులు పడితే పడనీ, సంగీతం ఎంత ఊపుగా ఉన్నా ఉండనీ, ఆ గీత దాటొద్దు. ఆ ఊపిరి వినపడక పెంచాలనిపిస్తే, పెంచే ముందు హెడ్‌ఫోన్ తీసి గదిలో ఏం గోల ఉందో చూడు. గంటకోసారి లేచి నీళ్ళు తాగు. తీశాక చెవి దిమ్మెక్కినట్టున్నా, గుయ్‌మన్నా నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా సరే. కీచురాళ్ళనుకుని కిటికీ మూసుకుని పడుకోకు.

ఎప్పుడైనా సొంత గది, ప్రశాంతమైన వీధి, వెనక పెరడు ఉన్న ఇల్లు దొరికిందనుకో, ఓపెన్ బ్యాక్ నేనే కొనిపెడతాను. ఆ ఆట మళ్ళీ ఇద్దరం ఆడదాం. కుడి పక్క ఎవరు ఏమంటున్నారో నువ్వు నాకు చెబుదువుగాని.

ఆదివారం ఫోన్ చెయ్యి. మొదటిసారి ఎత్తకపోతే మళ్ళీ చెయ్యి, ఒక్కోసారి ఫోను కుడి పక్కన పెట్టి మర్చిపోతాను. అన్నట్టు, మీ అమ్మకి నాలుగు వేలు అవుతుందని చెప్పాను. నువ్వూ ఆ మాట మీదే ఉండు.

ఇట్లు,
మావయ్య